మెదక్ చర్చిలో నేనన్న మాట

పోయిన నెల ఒక ఆదివారం మా అబ్బాయి ఇంటికి వాడి ఆఫీసు స్నేహితులు భోజనానికి వచ్చారు. బగారన్నం వడ్డిస్తుంటే వాళ్లలో ఒకాయన, "మీది అసలు ఏ ఊరండీ?" అని అడిగాడు. మావాడు తడుముకోకుండా చెప్పాడు: "అమ్మ పుట్టి పెరిగిందంతా పాతబస్తీలోనే. కానీ వాళ్ల తాతగారిది మెదక్ వైపు. వంద ఎకరాలు ఉండేవట. నీళ్లు లేక వదిలేసి సిటీకి వచ్చారు." అందరూ నావైపు చూశారు. నేను తల ఊపాను. ఊపి, అడిగినాయన కంచంలో ఇంకో గరిటె దాల్చా వేశాను.

ఆ మాట మావాడికి చిన్నప్పుడు చెప్పింది నేనే. అందులో ఒక్క గుంట నేల కూడా నిజం కాదు. అరవై దాటిన మనిషిని, ఇంకా తల ఊపుతూనే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మేం ఛత్రినాకలో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందు ఒక అరుగు. బాపు బస్సుల డిపోలో మెకానిక్. తాత ఇళ్లకు సున్నం వేసేవాడు. దసరాకు ముందు మా వైపు ఇళ్లు, రంజాన్‌కు ముందు శాలిబండ, బహదూర్‌పురా వైపు ఇళ్లు. ఏడాదిలో ఆ రెండు కాలాల్లో ఆయన మాకు దొరికేవాడు కాదు. ఇనప డ్రమ్ములో సున్నపు రాళ్లు పోసి నీళ్లు పోస్తే అది కుతకుతా ఉడికేది. ఆ ఆవిరి గొంతులో కాస్త గుచ్చుకునేది. తాత రుమాలుకు, చొక్కాకు, ఆయన చాయ్ తాగే గ్లాసుకు కూడా ఆ వాసనే. తెల్లదనం తేలడానికి సున్నంలో నీలిమందు కలిపేవాడు. శాలిబండలో ఒక పాత హవేలీ పెద్దావిడ పరదా వెనక నుంచే, "మేస్త్రీ, నీలం జర కమ్ డాలో!" అంటూ నీలిమందు తగ్గించమని అరిచేదట. పోయినేడు ఇల్లంతా ఆకాశం రంగు తేలిందని ఆవిడ ఫిర్యాదు. ఆ మాట చెప్పి తాత పొట్ట పట్టుకుని నవ్వేవాడు. పండగనాడు ఆ ఇంటి నుంచే మాకు గిన్నె నిండా షీర్ ఖుర్మా వచ్చేది.

సున్నం చేతుల్ని తినేస్తుంది. తాత అరచేతులు ఎండిన చెరువులా పగిలి ఉండేవి. సాయంత్రం ఆయన పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే, అరుగు మీద కూర్చుని ఆ చేతులకు కొబ్బరినూనె రాయడం నా పని. నూనె రాసినంతసేపూ ఆయన కథ చెప్పాలి. అది మా ఒప్పందం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చర్చి కథ.

"గప్పుడు నేను ఎనిమిదేండ్ల పోరన్ని" అని మొదలుపెట్టేవాడు. "మస్తు కరువు. ఆకులు తిన్నం, గడ్డలు తిన్నం. గప్పుడే మెదక్‌ల చర్చి కడుతున్నరని, పనికొచ్చినోళ్లకు తిండి దొరుకుతదని ఎరికైంది. మా అమ్మ నన్ను ఎంటేసుకొని నడిసింది. ఆమె సున్నం తట్టలు మోసింది. నేను సున్నం నూరే గానుగ కాడ ఎడ్ల ఎనుక తిరిగిన. తిరిగి తిరిగి పండుకుంటే కలల గూడ తిరుగుడే."

నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు. ఆ తరువాత ప్రతిసారీ ఒకే చోట ఆగేవాడు.

"నాకొక చెల్లె ఉండె బిడ్డా. పాలు తాగే పిల్ల. మేం పనికి పోయేదానికి వారం ముందుగాలనే పోయింది. గా వారం ముందు ఎరికైతే దక్కుతుండె. మా అమ్మ తట్ట ఎత్తుకున్నప్పుడల్లా గదే అంటుండె. వారం, ఒక్క వారం అని."

అక్కడితో నూనె పని కూడా అయిపోయేది. ఆయన నా నెత్తిన చెయ్యి తుడుచుకుని లేచేవాడు. "నడువు, బువ్వ తిందాం."

ఏడో తరగతికి బాపు నన్ను ఇంగ్లీషు మీడియం బడిలో వేశాడు. ఆయన డిపోలో ఓవర్‌టైము చేసి కట్టిన ఫీజు అది. బడిలో సగం మంది ఆఫీసర్ల పిల్లలు, షాపుల వాళ్ల పిల్లలు. వాళ్ల టిఫిన్ డబ్బాల్లో నుంచి నెయ్యి వాసన వచ్చేది. నేను నోరు విప్పితే నవ్వేవాళ్లు. "ఏంది" అంటే నవ్వు, "గట్ల" అంటే నవ్వు. రెండు నెలల్లో నేను వాళ్లలా మాట్లాడటం నేర్చుకున్నాను. బడి గేటు దాటితే ఒక భాష, ఛత్రినాక మూల తిరిగితే ఇంకో భాష.

ఆ బడిలో నాతో స్నేహం చేసింది ఒక్కతే అమ్మాయి. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక డాక్టరుగారి కూతురు. సంతోష్‌నగర్‌లో వాళ్ల ఇల్లు. రెండు జడలు, తెల్ల రిబ్బన్లు, నవ్వితే బుగ్గన చిన్న సొట్ట. ఒకరోజు తన తాతగారికి కొబ్బరితోట ఉందని చెప్పి, "మీ తాతగారు ఏం చేస్తారే?" అని అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మెదక్ దగ్గర మాకు వంద ఎకరాలు. పాలేర్లు ఉన్నారు" అన్నాను. అబద్ధం అంత సులభంగా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. తను చప్పట్లు కొట్టి, "మా నాన్న ఎప్పటినుంచో మెదక్ చర్చి చూడాలంటున్నారు. నువ్వూ రా!" అంది.

సీతాఫలాల రోజులు. ఆదివారం పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్నం చర్చి చూసి, చీకటి పడకముందే తిరిగి రావాలని డాక్టరుగారి ఏర్పాటు. మా ఇంట్లో నానమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్లను ఒక్కదాన్ని ఎవలతోనో కారుల పంపుతరా? పెద్ద మనిషి ఎంట పోవాలె" అంది. బాపుకు ఆ రోజు డ్యూటీ. మిగిలింది తాతే.

"నేను పోత" అన్నాడు తాత. ఆయన గొంతులో అంత సంబరం నేను ముందెప్పుడూ వినలేదు. అక్కడ పని చేసి వచ్చాక ఆయన మళ్లీ మెదక్ చూడలేదు. "పోరికి మా అమ్మ పని చేసిన జాగ చూపిస్త" అన్నాడు నానమ్మతో.

నేను చెప్పిన వంద ఎకరాలు గుర్తొచ్చాయి. కడుపునొప్పి అని చెప్పి మానేద్దామా అనుకున్నాను. కారు మీద ఆశ చావలేదు. మొత్తానికి శనివారం సాయంత్రమే తాత గడ్డం గీయించుకొచ్చాడు. పెట్టెలో నుంచి పెళ్లిళ్లకు కట్టే ధోతి తీశాడు. నానమ్మ పొద్దున్నే లేచి డాక్టరుగారి కుటుంబానికని సర్వపిండి కాల్చింది. పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి, గిన్నె అంచుకు ఒత్తి కాల్చిన పిండి. ఇల్లంతా కమ్మగా అయింది. దాన్ని పాత చీర ముక్కలో మూట కట్టి తాత చేతికిచ్చింది.

కారు మా గల్లీలోకి రాకుండా నేను తాతను ముందే రోడ్డు మీదికి లాక్కొచ్చాను. డాక్టరుగారు దిగి, "రండి పెద్దాయనా" అని ముందు తలుపు తీశారు. అలాంటి మర్యాద తాత ఎరగడు. సీటు మురికి అవుతుందేమోనని ధోతి దులుపుకుని కూర్చున్నాడు. వెనక మేం ముగ్గురం: నా స్నేహితురాలు, వాళ్ల అమ్మ (నేను ఆంటీ అనేదాన్ని), నేను. సర్వపిండి మూటను తాత నాకందిస్తే, నేను దాన్ని కాలితో ముందు సీటు కిందికి తోసేశాను. ఆంటీ ఒళ్లో స్టీలు డబ్బాల్లో పూరీలు, ఆలుగడ్డ కూర ఉన్నాయి. వాటి పక్కన ఆ చీర ముక్క మూటను ఊహించుకోలేకపోయాను.

నర్సాపూర్ అడవి దాకా తాత బాగా మాట్లాడాడు. చెట్ల పేర్లు చెప్పాడు. కోతుల గుంపు అడ్డమొస్తే డాక్టరుగారితో, "హారన్ కొట్టకుండ్రి సార్, ఎంబడి పడతయి. జర ఆగితే అవే పోతయి" అన్నాడు. నిజంగానే పోయాయి. రోడ్డు పక్కన ఆడవాళ్లు గంపల్లో సీతాఫలాలు అమ్ముతుంటే దిగి తానే ఏరాడు. "గీ కండ్లు చూడుండ్రి. తెల్లగ విచ్చుకుంటే పండే కాయ. ముడుసుకొని ఉంటే ఎన్ని దినాలైనా రాయే." డాక్టరుగారు స్కూలు పిల్లవాడిలా ఒక్కో కాయనీ తిప్పి చూశారు. నా స్నేహితురాలు నా చెవిలో, "మీ తాతగారు భలే ఉన్నారే" అంది. అయినా తాత నోరు తెరిచిన ప్రతిసారీ, ఇప్పుడు ఏ మాట బయటపడుతుందో అని భయపడ్డాను.

మెదక్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. చర్చి ఆవరణలో పూరీలు తిన్నాం. తాత రెండోసారి వడ్డించనివ్వలేదు. ఆయన చూపంతా ఆ బురుజు మీదే ఉంది. మెడ వెనక్కి వంచి అలా చూస్తూ, "అమ్మో, గింత ఎత్తైందా! మేం పోయేటప్పుడు నా మెడ కాడికి ఉండె" అన్నాడు తనలో తాను. అదృష్టవశాత్తూ ఎవరూ వినలేదనుకున్నాను.

లోపల చల్లగా ఉంది. మైనం వాసన. రంగుటద్దాల కిటికీల్లోంచి ఎండ లోపలికి పడి, నేల మీద ఎరుపు, నీలం ముక్కలుగా పరుచుకుంది. నా స్నేహితురాలు, నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఒక రంగులోంచి ఇంకో రంగులోకి గెంతాం. ఆంటీ కసిరారు. డాక్టరుగారు చేతులు వెనక్కి కట్టుకుని కిటికీలు చూస్తున్నారు. తాత వాటివైపు చూడలేదు. గోడ దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. వేలితో రాతి అతుకు మీద రాసి, వాసన చూశాడు.

డాక్టరుగారు దగ్గరికి వచ్చారు. "ఏం చూస్తున్నారు పెద్దాయనా?"

"గానుగ సున్నం సార్" అన్నాడు తాత. "బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి నూరుతరు. గిది ఇంకో నూరేండ్లకైనా గోటికి రాదు. నాకెట్ల ఎరుక అంటరా? మా అమ్మ గీడనే..."

 గోడను ఇంకోసారి తడిమి మళ్లీ చెప్పాడు. "కరువుల మా అమ్మ గీడ సున్నం తట్టలు మోసింది సార్. నేను గానుగ కాడ ఎడ్లు తోలిన."

"నిజంగానా!" అన్నారు డాక్టరుగారు. ఆయన ముఖం వెలిగిపోయింది. భార్యను పిలిచారు. "ఇలా రావోయ్, ఈయన వాళ్ల అమ్మగారు ఈ చర్చి కట్టడానికి పనిచేశారట! చెప్పండి, చెప్పండి. మీకప్పుడు ఎన్నేళ్లు?"

నేను ఇప్పటికీ తలుచుకుని సిగ్గుపడేది ఇక్కడే. వాళ్లు వెక్కిరించలేదు. చిన్నచూపు చూడలేదు. ఆ ఇద్దరూ ఆయన చెప్పేది వినడానికి నిజంగా ముందుకు వంగారు. జీవితంలో ఎవరైనా తాతను అలా అడగడం అదే మొదటిసారి.

కానీ నా స్నేహితురాలు నా చెయ్యి గిల్లింది. "మీకు వంద ఎకరాలు, పాలేర్లు అన్నావుగా? మరి వాళ్లమ్మగారు తట్టలు మోయడమేంటే?" గుసగుసే. అయినా ఆ చర్చిలో గుసగుస కూడా నలుగురికీ వినబడింది. డాక్టరుగారు నావైపు తిరిగారు. తాత కూడా.

నేను వాళ్ల భాషలో, చాలా స్పష్టంగా చెప్పాను. "మా తాతకు మతి సరిగా ఉండదండీ. పాలేర్లు చెప్పిన కథలన్నీ తనవే అనుకుంటాడు."

తాత చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. నన్ను చూశాడు. కోపం లేదు. ఏదో లెక్క అర్థం కానివాడు కాసేపు చూసినట్టు చూశాడు. వంద ఎకరాల మాట ఆయనకు అదే వినడం. రెండు మూడు క్షణాల్లో ఆయనకంతా తెలిసిపోయింది. ఆ తెలియడం నాకు కనబడింది. గోడ మీది చెయ్యి తీసి ధోతికి తుడుచుకున్నాడు.

"అవ్ సార్" అని నవ్వాడు. "మా పోరి చెప్పింది సరైందే. ముసలోన్నైన, ఎవల ముచ్చటనో నా ముచ్చట లెక్క చెప్త. సున్నం మోసింది మా అమ్మ కాదు. మా కాడ జీతమున్నోని అమ్మ. వాని ముచ్చట అది."

డాక్టరుగారు కాస్త నిరాశపడ్డట్టు, "అలాగా" అన్నారు. ఆంటీ జాలిగా తల పంకించారు. నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుని మళ్లీ రంగుల్లోకి లాగింది. నేను వెళ్లాను. గెంతాను కూడా.

తాత బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. నేను బయటికి వచ్చేసరికి ఆవరణలో ఒక మూలకు చూస్తున్నాడు. అక్కడ ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు. వాళ్ల అమ్మ పొయ్యి పెట్టింది అక్కడేనేమో, చెల్లెను తలుచుకుని ఏడ్చింది అక్కడేనేమో. అడగలేదు. ఆయన నాకు చూపించడానికే అంత దూరం వచ్చాడు.

తిరుగు దారిలో డాక్టరుగారు మాట కలపాలని, "ఇంతకీ మీ పొలాలు ఎటువైపు?" అని అడిగారు.  తాత కిటికీలోంచి చూస్తూనే జవాబిచ్చాడు. "గా గుట్టల అవతల సార్. వంద ఎకరాలు. వరి ఏస్తుంటిమి. చెరువు తెగి, నీళ్లు లేక ఇడిసిపెట్టి వచ్చినం." ఆయన జీవితంలో ఆయనదనుకున్న భూమి మా అద్దె ఇంటి అరుగు ముందు జాగా మాత్రమే. అయినా ఆ వరికి నీళ్లు ఎటునుంచి పారేవో కూడా చెప్పాడు. నేను ఒక ముక్క చెప్పి వదిలేసిన అబద్ధానికి ఆయన గట్లు వేసి, చెరువు తవ్వి ఇచ్చాడు.

నర్సాపూర్ దాటాక ఆంటీ ముక్కుపుటాలు ఎగరేశారు. "ఏదో కమ్మటి వాసన వస్తోంది." వెతికి, సీటు కింద నుంచి మూట లాగారు. విప్పి, ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, "అయ్యో! ఇంత మంచిది పెట్టుకుని మధ్యాహ్నమే ఎందుకివ్వలేదు?" అన్నారు. నా స్నేహితురాలు మూడు ముక్కలు తింది. డాక్టరుగారు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో తిన్నారు. "నేనే మరిసిన అమ్మా" అన్నాడు తాత. "మా పోరి చెప్పింది గదా, నాకు యాది ఉండదని."

ఛత్రినాక దగ్గరపడుతుంటే, మా గల్లీ, మా ఇంటి రేకుల కప్పు, అరుగు మీద సున్నం డ్రమ్ము అన్నీ నా కళ్ల ముందుకు వచ్చాయి. నేనేదో అనేలోపే తాత అన్నాడు: "ఈడనే ఆపుండ్రి సార్. గల్లీల కారు తిరగదు."

 ఇంట్లో నానమ్మ, "చూపించినవా పోరికి, అత్తమ్మ పని చేసిన జాగ?" అని అడిగింది. తాత కాళ్ల మీద నీళ్లు పోసుకుంటూ, "ఆఁ, చూపించిన" అన్నాడు. తువ్వాలు తీసుకుని లోపలికి పోయాడు.

మర్నాడు సాయంత్రం నేను నూనె సీసాతో అరుగు మీదికి వెళ్లాను. "నేను పెట్టుకుంట తియ్యి. నువ్వు చదువుకో" అన్నాడు. ఆ తరువాత రోజూ ఆయనే పెట్టుకున్నాడు. మా తమ్ముడు చర్చి కథ చెప్పమని మారాం చేస్తే, "యాదికొస్తలేదురా" అనేవాడు. ఒకటి రెండుసార్లు అడిగి వాడు కూడా మానేశాడు. నాతో ఆయన మామూలుగానే ఉన్నాడు. నేను పరీక్ష పాసైతే మిఠాయి తెచ్చాడు. జ్వరం వస్తే దవాఖానకు ఎత్తుకెళ్లాడు. కానీ సున్నం అంటిన చొక్కాతో మా బడి వైపు ఎప్పుడూ రాలేదు. ఒకసారి బడి పక్క వీధిలో ఆయనకు పని పడింది. నేను ఇంటికి వచ్చేటప్పుడు దూరం నుంచి నిచ్చెన మీద ఆయన్ని చూశాను. ఆయన నన్ను చూసి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నా కోసం తిప్పుకున్నాడు. పక్కన ఎవరూ లేరు. నేను ఒంటరిగానే నడుస్తున్నాను. అయినా పిలవలేదు.

తాత పోయే ముందు నెల్లాళ్లు మంచం మీద ఉన్నాడు. అప్పటికి నాకు పెళ్లి కుదిరింది. ఊపిరితిత్తుల్లో సున్నం చేరిందన్నారు. రెండు మాటలకు ఒకసారి దగ్గేవాడు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఆయన చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. ఇన్నేళ్ల తరువాత నూనె రాస్తుంటే ఈసారి వద్దనలేదు. వద్దనే ఓపిక కూడా లేదేమో. చెప్పాలనుకున్నాను. "తాతా, ఆ రోజు మెదక్‌ల..." అన్నాను. 

ఆయన కళ్లు తెరిచాడు. "మెదక్" అన్నాడు. కాసేపు దగ్గాడు. "ఆ డాక్టర్ సాబ్ మంచోడు. సర్వపిండి మస్తు తిన్నడు." మళ్లీ దగ్గు. నేను నీళ్లు పట్టాను. తాగి, నా ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లుగా అడగాలనుకుని ఆపుకున్న మాటలా అడిగాడు.

"ఆ పిల్ల నీతోని దోస్తాన్ మానలే గద బిడ్డా?"

ఆ పిల్ల మెదక్ నుంచి వచ్చిన నాలుగు నెలలకే వెళ్లిపోయింది. వాళ్ల నాన్నకు మళ్లీ బదిలీ అయింది. ఉత్తరం రాస్తానంది. రాయలేదు. ఆ చర్చిలో, అందరి ముందు, తాత తన తల్లిని వదులుకుని నాకు కొనిచ్చిన స్నేహం నాలుగు నెలలు నిలిచింది.

"మానలే తాతా" అన్నాను. "ఉత్తరాలు రాస్తనే ఉంటది. నిన్ను అడిగినట్టు చెప్పమంటది."

"మంచిగైంది" అన్నాడు. ఆయన ముఖంలో నిజంగానే ఏదో బరువు దిగింది. ఇంకో చెయ్యి కూడా నాకిచ్చి, కళ్లు మూసుకున్నాడు.